పదకొండో పేరు

“ఉన్నాడా, లేడా? ఒక్క మాట తేల్చు చాలు,” అన్నాడు మేనేజరు, కాగితాన్ని బల్ల మీదకి తోస్తూ.

కాగితంలో పదకొండు పేర్లున్నాయి. ఆ నీటి సరఫరా ఆఫీసులో హాజరు పుస్తకం లేదు. పొద్దున తొమ్మిదింటికి సర్వర్ మీద చిన్న కమాండ్ కొడితే, ఆ క్షణాన ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో వరసగా పేర్లు పడతాయి. అదే హాజరు. పదకొండో పేరు, సర్వర్‌లోని లెక్కలన్నీ టేపులకెక్కించి దాచే టేపుల మాస్టారిది. ఆయన పక్షవాతంతో మంచాన పడి నలభై మూడు రోజులైంది.

“ఆయన సెలవులు నిన్నటితో సరి. నిజంగా లాగిన్ అయి ఉంటే డ్యూటీలో ఉన్నట్టే, కళ్ళు మూసుకుని సంతకం పెడతా. లేకపోతే ఉద్యోగం పోయినట్టే. పన్నెండింటికి పైవాళ్ళకి లిస్టు వెళ్ళాలి.”

“చూస్తాను సార్,” అన్నాడు పక్షి.

అతని అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ప్రతిదీ రెండుసార్లు చూస్తాడని మాస్టారే ‘అనుమానప్పక్షి’ అని పిలిచేవారు. వాడగా వాడగా అనుమానం ఊడిపోయి పక్షి మిగిలింది. సర్వర్ పనంతా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే. అలాంటి మనిషి మంచాన పడితే పక్షి ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. గలగలా మాట్లాడే మాస్టారిని నోరు పడిపోయిన మనిషిగా చూడటానికి ధైర్యం చాల్లేదు. అందుకు తనని తానే తిట్టుకుంటూ తెర ముందు కూర్చున్నాడు.

పక్క సీటు టైపిస్టక్క కుర్చీ ఇటు జరిపింది. “ఏం తమ్ముడూ, దెయ్యాన్ని పడుతున్నావా?”

“ఊరుకో అక్కా. ఆయన ఉంటే బాగుండునని నా ఏడుపు.”

“మంచాన ఉన్న మనిషి ఇక్కడెలా ఉంటాడు? లైను సరిగ్గా మూయకపోతే పేరు అలా మిగిలిపోతుందని నువ్వే చెప్పావుగా.”

“ఉత్త పేరు మిగిలితే వెనకాల ఏ ప్రోగ్రామూ నడవదు. ఇదిగో, నడుస్తోంది చూడు. ఆయన పడిపోయిన రోజు పొద్దున ఇంటి నుంచి తెరిచిన లైను. అప్పట్నుంచీ మూయనే లేదు.” ఇంకో కమాండ్ కొట్టాడు. ఠక్కున ముందుకు వంగాడు. “అక్కా! చివరి మీట నొక్కి పన్నెండు నిమిషాలే అయింది!”

“సంబరపడకు. పాత టెలిఫోను లైను అది. వాన పడితే నా దాంట్లోనూ పిచ్చి అక్షరాలు పడతాయి. నాలుగు రోజులుగా ముసురు కదా.”

నిజమే. అయినా మనసొప్పక, మాస్టారింట్లో ఉన్న రెండో ఫోనుకి చేశాడు. మాస్టారి భార్య ఎత్తింది.

“ఎవరూ, పక్షివా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా నాయనా!”

“తప్పయిపోయిందమ్మా. ఎలా ఉన్నారు?”

“ఏముంది. మాట లేదు. కుడివైపంతా పడిపోయింది. నన్ను గుర్తుపడుతున్నారో లేదో కూడా తెలీదు.”

“ఆ కంప్యూటరు ఎవరైనా వాడుతున్నారా అమ్మా?”

“ఎవరు వాడతారు? ఉన్నది మేమిద్దరం. నాకు దాని ఓనమాలు కూడా రావు. ఆపబోతే ఒకటే గోల చేస్తారు. అందుకే మంచం దాని పక్కకి జరిపించి, అలాగే వదిలేశా. ఆ వెలుగు చూస్తూ నెమ్మదిగా పడుంటారు.”

పక్షి ఉసూరుమంటూ ఫోన్ పెట్టేశాడు. ఇక మిగిలింది మాస్టారు నేర్పిన ఆఖరి పరీక్ష. ‘లిస్టు అబద్ధమాడుతుందిరా పక్షీ. ఆ లైనుకే ఒక ప్రశ్న పంపు. మనిషైతే నిమిషంలో జవాబిస్తాడు. ఇవ్వలేదా, అది లైను చెత్త.’

‘ఎవరది?’ అని కొట్టి పంపాడు. ఆ లైనులో వచ్చే అక్షరాలన్నీ తన తెర మీద కనబడేలా పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

నిమిషం గడిచింది. రెండు. ఐదు. అప్పుడొక అక్షరం పడింది. చాలాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత అదే అక్షరం బారుగా పదిహేనుసార్లు. దానికో అర్థం లేదు, పర్థం లేదు.

“చెప్పానా?” అంది టైపిస్టక్క మెల్లగా. “వాన తమ్ముడూ.”

ఇంకో పది నిమిషాలు ఆగి చూశాడు. మళ్ళీ రెండు పిచ్చి అక్షరాలు, అంతే. పన్నెండు కావస్తోంది. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఏం తేలింది?”

“లేరు సార్,” అన్నాడు పక్షి. “లైను చెత్త.”

“అయితే తీసెయ్.”

లైను తెంచేశాడు. మళ్ళీ లిస్టు తీస్తే పది పేర్లే వచ్చాయి. మేనేజరు సంతకం పెట్టి, రూలు రూలేనంటూ పెదవి విరిచి, ఉద్యోగం తీసేసినట్టు ఒక ఉత్తరం కవరులో పెట్టాడు. పోస్టులో వద్దని, ఎలాగూ వెళ్ళాల్సిన చోటేనని, పక్షి దాన్ని తనే తీసుకున్నాడు.

సాయంత్రం వానలో తడుస్తూ వెళ్ళాడు. తలుపు తీసిన ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మంచి వేళకొచ్చావు నాయనా. పన్నెండింటి నుంచీ ఒకటే గోల. అన్నం ముట్టలేదు. కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ఏమైందో చెప్పలేరు కదా, నాకు తెలిసి చావదు!”

జేబులో కవరు పట్టుకునే గదిలోకి నడిచాడు. దీపం వేయలేదు. కంప్యూటరు వెలుగులో మాస్టారు పక్కకి ఒరిగి ఉన్నారు. తెర మీద పక్షి పొద్దున పంపిన ప్రశ్న ఉంది. దాని కింద అవే పిచ్చి అక్షరాలు. వాటి కింద, లైను తెగిపోయిందన్న మాట.

కీబోర్డు ఆయన ఎడమ చేతి కింద ఉంది.