పాపాఘ్ని దాటిన కారు

బానెట్ ఎత్తి చూస్తే లోపల ఇంజను లేదు. గుప్పెడు ఎండుగడ్డి, దాని మీద ఒక కోడిగుడ్డు ఉన్నాయి.

కర్నూలు నుంచి వచ్చిన డాక్టరు, పక్కనే ఉన్న నెహెమ్యా ముఖంలోకి చూశాడు. పాత కార్లంటే ప్రాణమిచ్చే మనిషాయన. కొత్తగా కొన్న సెల్‌ఫోన్లో కారు అమ్ముతానని నెల రోజులుగా ఊరించి ఊరించి, ఆయన్ను వేంపల్లె దాకా రప్పించింది నెహెమ్యానే.

"ఎవరో కొట్టేసినారు సార్," అన్నాడు నెహెమ్యా, నెత్తురు చుక్క లేని ముఖంతో.

ఎవరో ఏమిటి, వీధి చివరి మెకానిక్ చిన్న ఈరన్నే. అమ్మ దగ్గర కాక షెడ్డు తాళంచెవి ఉండేది ఆయన దగ్గరే. నెహెమ్యా విసవిసా పోయి, చేతిలో స్పానరుతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే పిలుచుకొచ్చి కారు ముందు నిలబెట్టాడు.

"యాడ అమ్ముకున్న్యావప్పా?"

ఈరన్న తల గీరుకున్నాడు. "నేనేం అమ్మలేదు నాయనా. మీయమ్మనడుగు."

ఆ నెమ్మది చూసి నెహెమ్యాకు ఇంకా మండింది. డాక్టరు వింటుండగా అంతా ఏకరువు పెట్టాడు. మిషన్ బంగళా కాపలాదారైన తన తండ్రి గాబ్రియేలుకు, దొర ఊరు విడిచిపోతూ ఇచ్చిన మోరిస్ కారు ఇది. ఆదివారం మధ్యాహ్నం నాయన స్టీరింగు పట్టేవాడు. వెనక సీట్లో తనూ, చెల్లెలు మహిమా. దుమ్ము పడకుండా కిటికీలకు అమ్మ చీరలు కట్టేవాళ్ళు. ప్రయాణం రాయచోటికి, మేనత్త ఇంటికి. పాపాఘ్ని ఏరు దాటేటప్పుడు ఒకటే కుదుపు. గండి మలుపుల్లో మహిమ వాంతి కూడా చేసుకుంది. రాయచోటి చేరేలోపే ఇద్దరికీ నిద్ర పట్టేది. లేచేసరికి మళ్ళీ ఇంట్లోనే ఉండేవాళ్ళు.

డాక్టరు వంగి బానెట్ లోపలికి మరోసారి చూశాడు.

అట్లాంటి బండి ఇంజను పీకడానికి చేతులెలా వచ్చాయని ఈరన్నను అడిగాడు. ఈరన్న స్పానరును లుంగీకి తుడుచుకున్నాడు. పోలీసులకే చెప్పుకుంటానని నెహెమ్యా ఫోను తీశాడు.

అంతలో కోడి ఎక్కడ గుడ్డు పెట్టిందో వెతుక్కుంటూ తల్లి రత్నమణి షెడ్డులోకి వచ్చింది. కొడుకు చెప్పిందంతా విని, గుడ్డు తీసి కొంగులో వేసుకుంది.

"ఫోను జోబీలో పెట్టుకోరా. దొర ఇచ్చిననాడే దీంట్లో ఇంజను ల్యాదు. మీ నాయన ముందర కూసోని నోటితో బుర్రుమంటాంటే, మీరు నిద్రపోయేదాకా ఎనక నిలబడి కారును ఊపిన ఇంజను, ఇదో, ఈ ఈరన్నే."