గులాబి రంగు గది

“గులాబి తప్ప ఏదైనా పర్లేదు” అంది నాగమణి.

వన్ టౌన్‌లోని ఆ రంగుల కొట్టు సొరంగంలా ఉంది. పట్టపగలే బల్బు వెలుగుతోంది. కొట్టు యజమాని గురువులు రంగుల కార్డు తెచ్చి ఆమె ముందు పరిచాడు. పక్కనే నిలబడ్డ ఆమె భర్త శ్రీరామ్మూర్తి అటు చూడలేదు. పోర్టులో క్రేను నడిపే మనిషి. ఎంత ఎత్తు నుంచైనా బెదరకుండా కిందికి చూస్తాడు. ఆ కార్డు కేసి మాత్రం చూడలేకపోయాడు.

గోపాలపట్నంలో వాళ్లింటికి ఉన్నది ఒకటే పెద్ద గది. దానికి ఏరికోరి గులాబి రంగు వేయించింది కాంతం. నాగమణికి స్వయానా అక్క. అక్క కాపురం నిలబడాలంటే చెల్లెలే ఆ ఇంటికి వెళ్లాలని పెద్దలు తేల్చారు. నాగమణి తల వంచి బావ చేత తాళి కట్టించుకుంది.

ఆనాటి నుంచీ ఆ గదిలో ఆమెకు ఊపిరాడటం లేదు. మంచం పక్కన గోడ మీద, అక్క తల ఆనించి కూర్చునే చోట, నూనె మరక. తలుపు చట్టానికి అక్క కుంకం వేలు తుడుచుకున్న గుర్తులు. ఒకరోజు తడిగుడ్డతో తుడవబోయింది. మరక ఇంకాస్త పాకింది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూడగానే మాట మార్చేసేవారు. శ్రీరామ్మూర్తి డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్లడిగితే, నోట ముందు వచ్చేది “కాంతం” అన్న పేరే.

మధ్యాహ్నం అన్నం వార్చగానే అత్త సన్యాసమ్మ, “ముందు అక్కకి తీసెట్టు” అనేది. నాగమణి గిన్నెలో తీసి, మూత పెట్టి, పెరటి అరుగు మీద ఉంచి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. పొద్దువాలే వేళకి ఆ గిన్నె ఖాళీగా బోర్లించి ఉండేది. ఒక్కోసారి అటువైపు నుంచి గాజుల చప్పుడు వినిపించేది. నాగమణి పొయ్యి ముందు అలాగే బిగుసుకుపోయేది. అన్నం మాడిన వాసన వచ్చేదాకా కదిలేది కాదు.

ఇప్పుడు ఆమెకి ఐదో నెల. ఆ గోడల మధ్య కనలేనని భర్త దగ్గర ఏడ్చింది. అందుకే ఇవాళ ఇలా వచ్చారు.

“బాబూ, నిన్నెక్కడో సూసేను” అన్నాడు గురువులు, శ్రీరామ్మూర్తి మొహం తేరిపార చూస్తూ. “గోపాలపట్నం కదూ? అప్పుడు మరో అమ్మొచ్చింది నీతోటి. గులాబిలో తెలుపు కలిపించింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ కొట్టు మూసేదాకా కదల్లేదు. ఏటమ్మా నీకు కావాల్సిన రంగు అనడిగితే, పసిపిల్ల అరికాలు రంగు రావాలి బాబూ అంది. పిల్లో పిల్లడో ఒత్తారు, ఆ గదిలోనే పడుకుంటారు అంది. అలాటి మాట నానెక్కడా ఇన్లేదు. అందుకే గురుతుండిపోనాది. ఆ తల్లి బాగుందా?”

శ్రీరామ్మూర్తి తల దించుకున్నాడు.

గురువులు అతన్ని చూశాడు. నాగమణి మెడలో పచ్చదనం పోని పసుపుతాడు చూశాడు. ఎత్తుగా ఉన్న కడుపు చూశాడు.

“అయ్యో... దొడ్డ మనిషి” అన్నాడు గొంతు తగ్గించి.

శ్రీరామ్మూర్తి బదులు చెప్పలేదు. నాగమణీ నోరు విప్పలేదు. ఆమె చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది.

“లేత నీలం ఇవ్వండి” అంది ఎలాగో.

“లేత రంగయితే కింద గులాబి తొంగి సూత్తాదమ్మా. ముదురాకుపచ్చ తీస్కో. ఇట్టే కప్పేత్తాది.”

“అదే ఇవ్వండి. కప్పెయ్యాలి” అంది నాగమణి. ఆ గొంతు తనదేనా అనిపించింది.

గురువులు డిస్టెంపర్ పొట్లాలూ, గోడ గుంటల్లో నింపే లప్పం డబ్బా, బ్రష్షులూ సంచిలో సర్ది ఇచ్చాడు. డబ్బు తీసుకుంటున్నప్పుడు కూడా ఆమె కళ్లలోకి చూడలేదు.

బస్సు నిండా స్టీలు ప్లాంటు పనులకొచ్చిన జనం. కిటికీ పక్కన సీటు దొరికినా నాగమణికి చెమటలు ఆరలేదు.

“ఆయనలా అంటే ఊరుకున్నావేటి బావా?” అంది.

“ఏటి సెప్పమన్నావు?” అన్నాడు శ్రీరామ్మూర్తి. “నువ్వూ సెప్పలేదు కదా.”

నాగమణి సంచి ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సన్యాసమ్మ వీధి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. కోడలి వంక ఓసారి చూసి మళ్లీ చేటలోకి తల వంచేసింది. శ్రీరామ్మూర్తి చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కునే వంకతో పక్క సందులోకి తప్పుకున్నాడు. నాగమణి ఒక్కతే లోపలికి నడిచింది.

గది తలుపు మూసి ఉంది. లోపల్నుంచి చప్పుడు. గోడని ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు, ఆగి ఆగి.

నాగమణి సంచి గుండెకి అదుముకుని, కళ్లు మూసుకుని, తలుపు తోసింది.

జుట్టు మీదా కనురెప్పల మీదా గులాబి పొడి రాలి ఉన్న కాంతం, ఈ గది చెల్లెలికి వదిలి పెరటి వసారాకి మారిపోయిన అక్క, గీకుతున్న రేకుముక్క పక్కన పడేసి, చెల్లెలి మొహానికి దుమ్ము తగలకుండా తన పమిట అడ్డం పెడుతూ, “కడుపుతో ఉన్నదానివి, లోపలికి రాకే మణీ, పాత రంగంతా నానే గీకేత్తన్నాను గానీ, నీకే రంగు నచ్చిందే?” అని అడిగింది.