పప్పులో కరివేపాకు

"ఆకాశపు తోటలో అమర నక్షత్రమై వెలిగే తల్లీ..." ఫోన్‌లో చూస్తూ చదివాడు యోసేపు. ఆదివారం కూతురు సలోమి ఏడాది ప్రార్థన. సమాధి రాయికి కవిత తనే రాశాడు. మెదక్‌లో సభలన్నిటికీ పిలిచే కవి మరి.

"మస్తుంది సార్," అన్నాడు రాళ్లు చెక్కే భూమయ్య. "మేడమ్‌కు గూడ నచ్చిందా?"

రాయి మీద కూతురి పేరును తడుముతున్న నవోమి తలెత్తింది.

"ఇది ఎవరి గురించి రాసిండ్రు? గిండ్ల మన పిల్ల లేదు."

"గిది కవిత్వం నవోమీ, వంటింటి ముచ్చట కాదు."

"నాకు గవ్వే తెల్సు. పప్పుల కరివేపాకు కనబడితే అది కంచం ముట్టకపోయేది. రోజు నేనే ఏరేసేదాన్ని." ఆమె వేలు మళ్లీ పేరు మీదికి పోయింది. "ఇయ్యాల పొద్దుగాల గూడ ఏరేసిన. అంతా అయినంక యాదికొచ్చింది."

యోసేపు ఉలిక్కిపడ్డాడు. పొద్దున తింటూ, పప్పులో కరివేపాకు వెయ్యలేదా అని విసుక్కున్నది తనే. అప్పుడామె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"భూమన్నా, అవన్నీ వద్దు. గిట్ల చెక్కు: 'అమ్మ ఇంకా కరివేపాకు ఏరుతనే ఉన్నది.'"

"గంతేనా సార్? రాయి మీద మస్తు జాగ మిగుల్తది."

"మిగలనియ్యన్నా," అంది నవోమి. "ఇంట్ల గూడ గట్లనే మిగిలింది."