మాదిరి జవాబు

మాదాపూర్‌లోని ఆ ఏసీ హాల్లో అందరూ శాలువాలు కప్పుకుంటుంటే వర్షితకు మాత్రం అరచేతుల్లో చెమటలు పడుతున్నాయి.

"తర్వాత మీరేనండి" అన్నాడు శిక్షణ ఇచ్చే మధుకర్.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రజారోగ్య అధికారులకు అక్కడ నాయకత్వ శిక్షణ జరుగుతోంది. ఆ రోజు ఆఖరి పరీక్ష. అందుకోసం నాటకాల వాళ్ళను పిలిపించారు. వాళ్ళు కడుపు మండిన జనంలా వచ్చి నిలదీస్తారు. అధికారి తొణక్కుండా జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే చేతికొచ్చిన పోస్టింగు గోవిందా!

గోపన్‌పల్లి వైపు ఆరోగ్య కేంద్రంలో వర్షిత చేరి వారం కూడా కాలేదు. తన పరిధిలో ఏ బస్తీ ఎక్కడుందో చూడనేలేదు. ముందు శిక్షణ, ఆ తర్వాతే రోగులు. సర్కారు పద్ధతి అది.

అంతకు ముందు రాకేశ్ అనే డాక్టరును ఒక నటుడు గద్దిస్తే, ఆరడుగుల మనిషి నీళ్ళు నమిలి కూర్చున్నాడు. 

"మీది వానాకాలపు కేసు. కూలీల బస్తీలో వాంతులు, విరేచనాలు. ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదు" అని మధుకర్ గుర్తుచేశాడు. "రిపోర్టు వచ్చేదాకా నీళ్ళు చెడ్డవన్న మాట మీ నోట రాకూడదు. జనం బెదిరిపోకూడదు. ముఖం మీద చిరునవ్వు చెదరకూడదు."

ఇంతలో తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళ నిండా ఎర్రమట్టి.

"రండమ్మా, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు మధుకర్.

"వర్షిత మేడం ఎవరు?"

పేరు కూడా బట్టీపట్టి వచ్చింది, ఇక నన్ను వదలదు అనుకుంది వర్షిత.

"నేనేనమ్మా. కూర్చోండి. మీ పేరు?"

"యాదమ్మ. కూసునే టైం లేదు బిడ్డా. మా గుడిసెలల్ల మొన్నటిసంది ఒక్కటే వాంతులు. పక్క గుడిసె రాజయ్య కండ్లు తేలేసిండు. నాకు మా బస్తీ ట్యాంకు నీళ్ళ మీదనే అనుమానం."

"మీ బాధ నాకు అర్థమైందమ్మా."

"నా బాధ ఇడిసిపెట్టు. నీళ్ళు మంచియేనా కావా, గది చెప్పు."

 మధుకర్ పెన్ను తెరిచాడు. 

"నీళ్ళలో దోషం ఉందని ఇంతవరకు రుజువు కాలేదు. పరీక్షకు పంపించాం. అనవసరంగా కంగారు పడకండి."

"పంపిండ్రా? ఎప్పుడొచ్చి తీస్కపోయిండ్రు? నేను సూడలే."

ఈ ప్రశ్న వస్తుందని ఎవరూ చెప్పలేదు. అయినా వర్షిత చిరునవ్వు వదల్లేదు.

"అన్నీ మా వాళ్ళు చూసుకుంటున్నారమ్మా."

యాదమ్మ ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి. ఎంత బాగా చేస్తోంది అని వర్షిత లోలోపల మెచ్చుకుంది.

"నేను సదువుకున్నదాన్ని గాదు బిడ్డా. నీ మాట తీస్కపోయి మావోళ్ళకు చెప్పాలె. భయం లేదంటవా?"

వెనక నుంచి మధుకర్ తలూపాడు. వర్షితా తలూపింది.

"భయం లేదమ్మా."

చప్పట్లు మోగాయి. యాదమ్మ బిత్తరపోయి చుట్టూ చూసింది.

"గీ చప్పట్లెందుకు సారూ?"

"మీ మేడం బాగా చెప్పారనమ్మా."

"గింతమంది డాక్టర్లు ఔనన్నంక ఇగ ఫికర్ ఏంది!" అని కళ్ళు తుడుచుకుంది. వర్షితకు దండం పెట్టి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

వర్షిత జవాబే మాదిరి జవాబు అన్నాడు మధుకర్. మార్కులు దండిగా వేశాడు. ఎన్నాళ్ళకో ఆమెకు ఆకలి తెలిసింది. పప్పు మారు వడ్డించుకుని మరీ తింది.

భోజనాలు ముగుస్తుండగా ఒకావిడ రొప్పుతూ లోపలికొచ్చింది. భుజాన సంచి, సంచిలో మాసిన చీర.

"సారీ సార్, సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. కూలీ తల్లి వేషం నాదే. వర్షిత మేడం అంటే ఎవరండీ?"

వర్షిత చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"మరి పొద్దున వచ్చిందెవరు?" అంది.

మధుకర్ గబగబా నటుల జాబితా తిరగేశాడు. 

వర్షిత తన సంచిలోంచి, మోగకుండా పెట్టిన ఫోను తీసింది. ఆరోగ్య కేంద్రం నర్సు లావణ్య వరసపెట్టి చేసిన కాల్స్ ఉన్నాయి. వెంటనే ఆ నంబరుకు ఫోను చేసింది.

"మేడం, యాదమ్మ కలిసిందా? గోపన్‌పల్లి కూలీల గుడిసెల నుంచి పొద్దుగాల్నే మన సెంటరుకొచ్చింది. నీళ్ళ మాట ఆఫీసరు చెప్తెనే నడుస్తదని, మీ అడ్రస్ ఇచ్చి నేనే తోలిన."

"లావణ్యా, నువ్వు వెంటనే అక్కడికి వెళ్ళు. ఆ నీళ్ళు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు. నేను బయల్దేరుతున్నా."

"నేను గీడనే ఉన్న మేడం. అంబులెన్సుల ఎక్కిస్తున్నం."

"ఎవరిని? ఎవరైనా తాగారా?"

అవతల నుంచి పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి. వాటి మధ్య లావణ్య చెప్పింది.

"నిన్నటిసంది ట్యాంకుకు తాళమేసి, అందరితోని తిట్లు తిని, ఒక్క చుక్క ఎవ్వర్ని ముట్టనియ్యని యాదమ్మనే, మేడం భయం లేదన్నదని వచ్చి తాళం తీసి, మొదటి చెంబు తనే తాగింది మేడం."