గుమ్మంలో పెట్టిన ఆర్డర్

వీధి చివరి కెమెరా కొట్టులో ముసలాయన కెమెరా కొనాలని వచ్చిన కుర్రాడికి ప్రతి లెన్సూ చేతికిచ్చి, మోచేతులు ఒంటికి ఆనించి ఊపిరి బిగబట్టి ఫోటో తీయడం దాకా ఓపిగ్గా అన్నీ నేర్పాడు. నేర్చుకున్నాక అతను ఆ గుమ్మంలోనే నిలబడి, అక్కడ చూసిన కెమెరాకే తక్కువ ధరకని ఫోన్‌లో ఆర్డర్ పెట్టాడు. ముసలాయన అది చూశాడు. అందరూ అదే పని చేయడంతో కొట్టు మూతపడింది. ఆ దిగులుతోనే ఆయన పోయాడు.

ఆ కబురు తెలిసిన రాత్రి అతను ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని ఆ కెమెరాతో ఫోటో తీశాడు. తెరమీద ఆ కుర్చీలో ముసలాయన కూర్చుని అతన్నే చూస్తున్నాడు. వణుకుతూ మళ్ళీ తీస్తే కుర్చీ ఖాళీ. హమ్మయ్య అనుకున్నాడు.

వెనకనుంచి రెండు చల్లని చేతులు అతని మోచేతులను ఒంటికి అదిమి పట్టాయి.

"చేతులు వణికితే ఎలా బాబూ? ఊపిరి బిగబట్టు. నేను చెప్పేదాకా వదలకు."

ఎంతసేపటికీ ఆయన చెప్పలేదు.