కథల డిస్కులు

సర్వర్ గది తలుపు తెరుచుకోగానే గుప్పున కంపు కొట్టింది.

ఇంజనీరు ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో ఒక ముసలాయన. మెడ చుట్టూ తువ్వాలు. ఒకప్పుడు తెల్లదే అయ్యుంటుంది. ఇప్పుడు తడిసి, జిగటగా, పచ్చగా, చూడ్డానికే రోతగా ఉంది.

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

ముసలాయన తువ్వాలుతో మెడ నొక్కుకున్నాడు. అప్పుడు గానీ మాట రాలేదు. అదీ మాటలా లేదు, గురగురమంటూ వచ్చింది.

"పాత కథలు బాబూ... రేడియోలో వచ్చేవి... పిల్లల కథలు. కాపీ ఇస్తారని..."

అంతలో దగ్గు తెర వచ్చింది. దాంతోపాటు కళ్లె వచ్చింది. ఆయన దాన్ని తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ అదే తువ్వాలును మెడకి నొక్కుకున్నాడు.

ఛీ! ఇంజనీరు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ రేడియో స్టేషన్‌లో ఆ రోజు అతనికి ఊపిరి సలపనంత పని. నాలుగు పాత కంప్యూటర్లు తీసేసి, వాటి బదులు ఒకే పెద్ద సర్వర్ పెడుతున్నాడు. ఆ ఒక్క పెట్టెలోనే నాలుగు కంప్యూటర్లు వేరువేరుగా ఉన్నట్టు పనిచేస్తాయి. దానికోసం కొత్త హార్డ్ డిస్కులు చాలానే వచ్చాయి. పాతవి రెండే ఉన్నాయి. పిల్లల కథలన్నీ ఆ రెండింట్లోనే.

కొత్త డిస్కుల్ని తనలో కలుపుకునే ముందు సర్వర్ వాటిని శుభ్రంగా తుడిచేస్తుంది. పాతవాటిని అలా కలపకూడదు. ఉన్నవి ఉన్నట్టుగా ఆ లోపలి నాలుగు కంప్యూటర్లలో ఒకదానికి అప్పగించాలి. ఈ సంగతి ఇంజనీరుకి తెలియక కాదు.

"మనవరాలికి వినిపించాలి బాబూ. పిల్ల నా దగ్గరికి... రావడం లేదు. అవి వింటే వస్తుందేమోనని..."

"నిన్ను చూస్తే ఎవరొస్తారు పెద్దాయనా? ముందు ఆ గుడ్డ మార్చు."

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వుకి చప్పుడు లేదు గానీ తుంపర ఉంది. అది వచ్చి కీబోర్డు మీద పడింది.

"అబ్బబ్బా! నడు బయటికి! నడువయ్యా!"

"ఆ డిస్కులు... జాగ్రత్త బాబూ."

"నువ్వు చెప్పాలా నాకు? వెళ్లవయ్యా మహానుభావా!"

ముసలాయన వెళ్లి అద్దాల తలుపు అవతల బల్ల మీద కూర్చున్నాడు.

ఇంజనీరు గదంతా సెంటు కొట్టాడు. కీబోర్డును రెండు వేళ్లతో పట్టుకుని, కాగితంతో తుడిచాడు. తలెత్తితే అద్దంలోంచి మళ్లీ ఆ తువ్వాలే. కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఎంత తొందరగా పని తెమిలితే అంత తొందరగా ఈ పీడ వదులుతుందనుకున్నాడు.

తెర మీద డిస్కులన్నీ వరసగా కనబడుతున్నాయి. ఏవి కొత్తవి, ఏవి పాతవి అని చూసే ఓపిక లేదు. అన్నిటికీ టిక్కు పెట్టేశాడు.

"వీటిలో ఉన్నదంతా పూర్తిగా చెరిగిపోతుంది. కానివ్వాలా?" అని అడిగింది సర్వర్.

పొద్దున్నుంచి కొత్త డిస్కు పెట్టిన ప్రతిసారీ అడుగుతున్న ప్రశ్నే అది. అతను ప్రతిసారీ ఇచ్చిన జవాబే ఇచ్చాడు.

తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఒకటికి రెండుసార్లు సబ్బు రాసుకున్నాడు. ఆ తువ్వాలు తలపుకొచ్చి మళ్లీ రాసుకున్నాడు. అటునుంచటే భోజనానికి వెళ్లాడు గానీ ముద్ద దిగలేదు.

తిరిగొచ్చేసరికి స్టేషన్ డైరెక్టరమ్మ గదిలో నిలబడి ఉంది.

"ఆ పిల్లల కథలు తెరవయ్యా. ఆయనకి కాపీ ఇస్తానని మాటిచ్చాను."

"ఆ తువ్వాలు శాల్తీకా మేడమ్? మీరే రమ్మన్నారా?"

"ముందు తెరువు."

తెరిచాడు. ఏమీ లేదు. రెండో డిస్కునీ తెరిచాడు. అందులోనూ లేదు.

ఇంజనీరు ఇంకోసారి వెతికి చూశాడు. పైపైన తుడవడం కాదది. ఈ మూల నుంచి ఆ మూల దాకా సర్వర్ సున్నాలు నింపి పెట్టింది. ఇక ఏ కొమ్ములు తిరిగినవాడు వచ్చినా పైకి తీయలేడు.

"అప్పట్లో రికార్డు చేసిన టేపులున్నాయి కదా మేడమ్?"

"బూజు పట్టాయని ఎప్పుడో పారేశారు. ఉన్నవి ఈ రెండు డిస్కులే. ఏం చేశావు?"

చెప్పాడు. చెప్పక చస్తాడా?

డైరెక్టరమ్మ గోడకి చేరగిలబడింది. ఆవిడ అరవకపోయేసరికి ఇంజనీరుకి కాస్త ధైర్యం వచ్చింది. గొంతు తగ్గించాడు.

"కథలేగా మేడమ్! ఎవరైనా మంచి గొంతున్నవాళ్ల చేత మళ్లీ చెప్పించి ఇచ్చేద్దాం. ఆ ముసలోడికేం తెలుస్తుంది?"

ఆవిడ తలెత్తి చూసింది. అతను ఆ తువ్వాలును ఎలా చూశాడో, ఆవిడ అతణ్ణి అలాగే చూసింది.

అద్దం అవతల ముసలాయన ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. కాపీ ఇస్తుందనుకుని కాబోలు, చెయ్యి చొక్కాకి తుడుచుకుని ముందుకి చాపాడు.

"మనవరాలు పుట్టకముందే కేన్సరని గొంతు తీసేసి, ఊపిరికి మెడలో కన్నం పెట్టారు," అంది డైరెక్టరమ్మ. "ఆ కథలన్నీ చెప్పింది ఆయనేనయ్యా."