నత్తల వేట

ఆదివారం ఆరాధన ముగిసిందో లేదో, భార్య లోయిస్, తను అన్నగా పిలిచే తాపస్ దాదా స్కూటరెక్కి వెళ్ళిపోయింది. చర్చి మెట్ల మీద నిలబడ్డ జీవానందానికి ఒళ్ళు భగ్గుమంది.

నత్తల కోసమట! ల్యాబులో పనిచేసే ఇద్దరికీ బడ్జ్ బడ్జ్ ఊరి చెరువుల్లో నత్తలేరడం తప్ప పనే లేదట! ఎవరి చెవిలో పువ్వు పెడుతోంది?

అసలే అతనికి ఒంట్లో బాగోలేదు. కుడి డొక్కలో ఒకటే నొప్పి. కాలేయంలో పురుగుందన్నాడు డాక్టరు. చెరువులో కాసే పానీఫల్ కాయలు పచ్చివి తిన్నావా అని అడిగితే, ఛీ, చస్తే ముట్టనన్నాడు. డాక్టరు ఇంట్లో పడుకోమన్నాడు. చర్చి పాటల సాధనకి రమ్మని తోటి గాయకురాలు, భర్త పోయిన విజయ కుమారి కబురు పెట్టినా వెళ్ళలేదు. పెళ్ళాం ఇలా ఊరేగుతుంటే పాటలేమిటి, పాడేమిటి!

రిక్షా పిలిచి వెంటపడ్డాడు. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి ఆలస్యమైంది గానీ, జూట్ మిల్లు వెనక చెరువులో ఇద్దరూ దొరికారు. మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. తాపస్ తీగ నుంచి ఓ పానీఫల్ తుంచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నవ్వింది.

ఆ కాయ అలా చేతిలో పెట్టడంలో అర్థం జీవానందానికి తెలీదూ!

"ఏటే ఇది? సిగ్గులేదా? ఇయ్యాల తేలిపోవాల. ఆడో, నేనో!"

తాపస్ తెల్లబోయాడు. లోయిస్ మాత్రం కుచ్చెళ్ళు పిండుకుంటూ నింపాదిగా గట్టెక్కింది.

"ఎందుకండీ అరుపులు? మీ ఒంట్లో పురుగు ఎక్కడిదా అనే కదా ఎతుకుతున్నాం. దాని గుడ్డు నీళ్ళలో పడి పగుల్తాది. పిల్ల పురుగు నత్తలో దూరతాది. అక్కడ పెరిగి బయటికొచ్చి పానీఫల్ తొక్కకి అంటుకుంటాది. పచ్చికాయ పళ్ళతో ఒలిచినోళ్ళ కాలేయంలోకి పోతాది."

తన కోసమా ఈ బురదలో దిగింది! జీవానందం కోపం చప్పున చల్లారింది. పిచ్చిది, ఎంత ప్రేమో అనుకున్నాడు.

"మరి దొరికిందేటి?"

"ఈ ఒక్కటి తప్ప అన్ని చెరువుల నత్తలూ కోసి చూశాం. ఒక్క చోటే దొరికింది. నిన్న నేనే దిగి తెచ్చాను."

"ఎక్కడ?"

లోయిస్ చేతిలోని కాయని చెరువులోకి విసిరేసింది.

"విజయ కుమారి ఇంటెనక, ఆవిడ లోపల్నించి తలుపు తీస్తే తప్ప ఎవరూ దిగలేని రేవులో."